బోదెకు వాటా

ఆ కాగితం మీద నేను సంతకం పెట్టలేదు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది నిదానంగా చెప్పుకోవచ్చు. పోయిన నెలలో మా ఊరి కొత్త నీళ్ళ పథకం లెక్కలు పట్టుకుని కిరణ్ అనే ఇంజనీరు బెజవాడ నుంచి మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, నేను కూర్చున్నాకే కూర్చున్నాడు. కాలువ పక్కన ట్యాంకు కట్టి, సోలారు మోటారు పెట్టి, అక్కడి నుంచి పైపుల్లో ముప్పై రెండు ఇళ్ళకీ, ఆ ఇళ్ళ వెనక ఉన్న కూరపాదులకీ, చిన్నచిన్న మడులకీ నీళ్ళిచ్చే పథకం అది. మోటారు అందరిదీ, ట్యాంకు అందరిదీ, ఎవరి వంతుకు వాళ్ళ వాల్వు తెరుచుకుంటుంది. మంచి పథకం. ఆ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను.

"అంతా రెడీ అండీ. మీరొకసారి చూసి, లెక్క సరిచూశానని సంతకం పెడితే చాలంట. మీరు పెడితే ఊళ్ళో ఇంకెవరూ నోరెత్తరంట," అని తన చేతిలోని ట్యాబు నా వైపు తిప్పాడు. ఎనిమిది గంటల ఎండ, అంటే నాలుగు వందల ఎనభై నిమిషాలు. ముప్పై రెండు వాల్వులు. వాల్వుకి పదిహేను నిమిషాలు. శేషం సున్నా. అంత నున్నగా తెగిన లెక్క చూస్తే చాలామందికి ముచ్చటేస్తుంది. నాకు అనుమానమేస్తుంది. ఎందుకో చెప్పాలంటే నా పన్నెండో ఏటి వానాకాలపు సార్వా పంటకి వెళ్ళాలి.

నేను ఏడో తరగతితో బడి మానేసినదాన్ని. ఆ పైన నేర్చుకున్నదంతా గోడల మీద బొగ్గుతో, గట్ల మీద పుల్లతో, పెళ్ళయ్యాక సిమెంటు సంచుల వెనకవైపున. మా ఆయన తాపీమేస్త్రీ. చల్లపల్లి చుట్టుపక్కల ఎవరు ఇల్లు కట్టుకున్నా ఇటుకలెన్ని పడతాయి, ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి, వాలు ఎంత పెట్టాలి అని నా దగ్గరికే వస్తారు. మేనబావనే చేసుకున్నాను కాబట్టి పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయాను. నా సంతకానికి ఊళ్ళో విలువ ఉందంటే అది చదువు వల్ల వచ్చింది కాదు. ముప్పై ఏళ్ళుగా తప్పు లెక్క ఇవ్వకపోవడం వల్ల వచ్చింది. ఆ ముప్పై ఏళ్ళకు ముందు ఒక తప్పు లెక్క ఇచ్చాను. అది ఊరు మరిచిపోయింది. నేను మరిచిపోలేదు, ఇంకొకావిడ కూడా మరిచిపోలేదు.

మా ఇంటి వెనకనే పంటబోదె పారేది. కాలువకు ఉన్న తూము దగ్గర మొదలై, పదకొండు మంది పొలాల పక్కగా వెళ్ళి, మురుగు కాలువ దగ్గర ఆగిపోయే చిన్న మట్టి బోదె. నా అంగలతో రెండు వేల నూట అరవై అంగలు. దాని కింద మొత్తం పదహారు ఎకరాలు. మా ప్రాంతం కాలువ చివరి భూములు కావడాన కాలువలో నీళ్ళెప్పుడూ నిండుగా ఉండేవి కావు. నాలుగు రోజులు తూము తెరిస్తే నాలుగు రోజులు మూసేవాళ్ళు. తెరవడానికీ మూయడానికీ ప్రభుత్వం పెట్టిన లస్కరు ఒకాయన సైకిలు మీద వచ్చేవాడు. తూము తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. ఆయన వేళ తప్పడం మేం ఎన్నడూ ఎరగం. ఆ వేళ తప్పని మనిషి వల్లే నా తప్పు బయటపడింది, అది తర్వాత చెబుతాను.

నీళ్ళొచ్చే రోజు ఇల్లంతా ఒక వాసన వేసేది. ఎండిన మట్టి తడిసిన వాసన, దాంట్లో తాతయ్య లంకచుట్ట పొగ, నాయనమ్మ తోముతున్న కాగుల చింతపండు పులుపు. బోదె నీళ్ళే మాకు తాగడానికి, వండడానికి, పశువులకు. మొదటిరోజు నీళ్ళు నాయనమ్మ గడప దాటనిచ్చేది కాదు. "బోదె ఒళ్ళు కడుక్కున్న నీళ్ళే అవి," అనేది. రెండోరోజు పొద్దున్నే బిందెలతో తోడి, పాత నేతచీర నాలుగు మడతలేసి వడగట్టి, కాగు లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసేది. ఎర్రగా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి అడుగున బురద పరుచుకుని పైన అద్దంలా తేరుకునేవి. ఆరు కాగులు నింపితే మళ్ళీ తూము తెరిచేదాకా వాటితోనే. బియ్యం కడిగిన నీళ్ళు కుడితి గోలెంలోకి, కూరలు కడిగిన నీళ్ళు అంట్లకి, స్నానం నీళ్ళు అరటి మొదలుకి. ఒక్క బిందెతో ఎన్ని పనులు జరుగుతాయో నేను లెక్కేసేదాన్ని. సగటున మూడు వచ్చేవి. నాయనమ్మకు ఆ సంగతి చెబితే, "లెక్క సరే, ఆ బిందె ఇటు జరుపు," అనేది.

బోదె వంతులు నడిపేది మా తాతయ్య. ఎవరూ రాసిచ్చిన పని కాదు, వాళ్ళ నాన్న చేశాడు గనక ఈయన చేసేవాడు. పొట్టి మనిషి, మోకాళ్ళ పైకి పంచె, భుజాన పార. తూము తెరిచే రోజు పొద్దున్నే బోదె వెంట చివరిదాకా ఉత్త కాళ్ళతో నడిచి, అక్కడక్కడా మడమతో అడుగున నొక్కి చూసి, తిరిగొచ్చేవాడు. తర్వాత పదిమంది పొలాల్లోకి నీళ్ళు దిగే మొగలన్నీ మట్టితో మూయించి, మొదటి నీళ్ళు నేరుగా చిట్టచివరి పొలానికి పంపేవాడు. ఆ పొలంలో నిలబడితే తన చీలమండ మునగాలి. మునిగాక దాన్ని మూసి, దానికి పైన ఉన్న పొలం తెరిచేవాడు. అలా చివర నుంచి మొదటికి. తూము పక్కనే ఉన్న పొలానికి నీళ్ళు ఆఖరున అందేవి. ఎందుకలా అని అడిగితే ఒకటే మాట, "ముందు బోదె తాగాలమ్మా. దాని దాహం తీరాకే మన వంతు." నాకు అది ముసలివాళ్ళు చెప్పే మాటల్లో ఒకటిగా అనిపించేది. బోదె తాగడమేమిటి, తాగితే ఎన్ని శేర్లు తాగుతుంది అని వెక్కిరించేదాన్ని. ఆయన చుట్ట మళ్ళీ వెలిగించుకునేవాడు.

తూము పక్క పొలం వీరయ్య బాబాయిది. రెండెకరాలు. తన పొలాన్ని ఒరుసుకుంటూ మూడున్నర రోజులు నీళ్ళు పోతుంటే చూస్తూ కూర్చోవడం ఆయనకు ప్రాణసంకటంగా ఉండేది. ఆ ఏడు ఊడ్పులయ్యాక మా అరుగు మీద పదకొండుమందీ కూర్చున్నప్పుడు తేల్చేశాడు.

"పెదనాన్నా, నువ్వు పొట్టివాడివి. నీ చీలమండ కిందుగా ఉంటుంది. నా చీలమండతో కొలిస్తే ఇంకో రెండంగుళాలు వస్తాయి. చేతికి గడియారాలొచ్చిన కాలంలో ఈ చీలమండలేంటి? గంటల ప్రకారం పంచుకుందాం. ఇదిగో, మన రత్నం ఉంది కదా లెక్కలకి."

రత్నం అంటే నేను. అందరూ నవ్వారు, అందరూ నా వైపు చూశారు. తాతయ్య కాదనలేదు. పన్నెండేళ్ళ పిల్లకు పదకొండుమంది రైతులు లెక్క అప్పజెప్పడం అంటే ఏమిటో ఇప్పుడు ఊహించుకున్నా నాకు మెడ నిటారుగా అవుతుంది. నాలుగు రోజులంటే తొంభై ఆరు గంటలు. పదహారు ఎకరాలు. ఎకరానికి ఆరు గంటలు. శేషం సున్నా. పలక మీద రాసి చూపించాను. వీరయ్య బాబాయికి పన్నెండు గంటలు, మాకు తొమ్మిది గంటలు, అలా దిగుతూ చిట్టచివరన యాభై సెంట్లున్న మస్తాన్‌బీకి మూడు గంటలు. మొదటి పొలం నుంచి చివరికి వరుస. నీళ్ళు తన మడిలోకి దిగినప్పటి నుంచి ఎవరి గంటలు వాళ్ళవి. నా లెక్కలో ఒక్క నిమిషం మిగల్లేదు, ఒక్క నిమిషం తగ్గలేదు. "అబ్బ, ఏం తెగిందిరా," అని వీరయ్య బాబాయి తొడ చరిచాడు.

మస్తాన్‌బీ మాత్రం పలక వైపు చూడలేదు. భర్త పోయి ఆ యాభై సెంట్లూ ఒక్కతే చేసుకునే మనిషి. గట్టు మీద గోంగూర, దొండపాదు, మడిలో వరి. నోరున్న మనిషి కూడా. "ఏమే లెక్కలపిల్లా, చివరి గంట నాది కదా. మరి మీ గడియారాలన్నీ నిద్రపోతే ఏం చేయాలి?" అంది. "గడియారం నిద్రపోదత్తా," అన్నాను పెద్దదానిలా.

మొదటి వంతులో ఆవిడ మడికి నీళ్ళు రాలేదు. బోదెలో మిగిలిన తడి కాస్త దిగింది, అంతే. వచ్చి మా వాకిట్లో చెప్పింది. నేను పలక తీసి, మూడు గంటలు రాసి ఉన్న చోటు చూపించి, "లెక్కలో ఉందత్తా. నీ గట్టుకి ఎలకబొరియలున్నాయేమో చూసుకో," అన్నాను. ఈ మాట ఇక్కడ రాయకుండా దాటేయొచ్చు. రాస్తున్నాను. ఆవిడ నన్ను ఒక్కసారి చూసి వెళ్ళిపోయి, రెండు రోజులు గట్టంతా తవ్వి బురదతో మెత్తుకుంది. రెండో వంతులో కూడా నీళ్ళు రాలేదు. ఆవిడ పారతో తన మొగ దగ్గర నిలబడి ఉండగానే లస్కరు తన వేళకు తూము మూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత మూడోనాడు పొద్దున మస్తాన్‌బీ మళ్ళీ వచ్చింది. ఈసారి కేకలు లేవు. కొంగులో నుంచి ఒక కట్ట తీసి మా అరుగు మీద, నా పలక పక్కన పెట్టింది. ఎండి గడ్డిలా అయిన వరిమొక్కలు, వేళ్ళకు నెర్రెలు విచ్చిన మట్టి పెళ్ళలు. చక్కగా కట్ట కట్టి ఉంది. "ఇదిగోనే నీ మూడు గంటలు. కట్ట కట్టి తెచ్చాను. లెక్కపెట్టుకో," అంది. నాయనమ్మ మంచినీళ్ళిస్తే చెంబు కిందపెట్టకుండా గడగడా తాగి వెళ్ళిపోయింది. నాయనమ్మ ఆ కట్ట పారేయలేదు. వసారాలో మేకుకి తగిలించింది. నేను తీయబోతే, "ఉండనీ. అది నువ్వు తెచ్చిన పంట," అంది. మా నాయనమ్మ నన్ను తిట్టింది ఆ ఒక్కసారే. అదీ గొంతు పెంచకుండా.

తాతయ్య మళ్ళీ తూము తెరిచే రోజు పొద్దున, మిల్లుకు బయల్దేరుతున్న నాన్న చేతి గడియారం విప్పించి నా చేతికి కట్టాడు. అది మోచేతి దాకా జారింది. పొలాల మొగలన్నీ మూయించి, లస్కరు తూము ఎత్తగానే, "నీళ్ళ ముందు నడువు," అన్నాడు. నీళ్ళకు ఒక మొహం ఉంటుందని నేను చూసింది ఆరోజే. ఎండుటాకులు, నురగ, చీమలు, పుల్లలు అన్నీ తోసుకుంటూ బోదెలో వస్తుంది. పరుగెత్తుకొస్తుందనుకున్నాను. నడవనైనా నడవదు. ప్రతి నెర్రెలోకీ దిగి, బుడగలు వదిలి, అది నిండాక గానీ ముందుకు రాదు. ఎండ్రకాయ బొరియ కనిపిస్తే అక్కడ ఆగుతుంది. గేదెలు తొక్కి గుంటచేసిన ఒక చోట పదకొండు నిమిషాలు నిలబడ్డాను. ప్రతి వంద అంగలకూ ఒక గీత గట్టు మీద గీస్తూ, వేళ పలక మీద రాసుకుంటూ వెళ్ళాను. మస్తాన్‌బీ మొగలో నీళ్ళు దిగేసరికి నాలుగున్నర గంటలయింది. గట్టు మీద కూర్చుని పుల్లతో రాశాను. బోదె తాగింది నాలుగున్నర గంటలు. ఆవిడ వాటా మూడు గంటలు. తొంభై ఆరు గంటలూ పొలాలకు పంచేశాను. బోదెకు ఒక్క నిమిషం ఉంచలేదు. పై పదిమందీ నీళ్ళు తమ మడిలోకి దిగాకే గంటలు లెక్కపెట్టుకున్నారు. వాళ్ళ మధ్య బోదె తాగిన వేళంతా పోగుపడి చివరి మనిషి నెత్తిన పడింది. లస్కరు గడియారం తప్పలేదు. నాదీ తప్పలేదు. లెక్క తప్పింది.

మస్తాన్‌బీ తన మొగ దగ్గర నడుం మీద చేయి వేసుకుని నన్నే చూస్తోంది. "బొరియలు దొరికాయా?" అంది. తల ఊపాను. "ఎక్కడ?" అంది. పలక చూపించాను. అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో కోపం లేదని ఇప్పటికీ నేననలేను.

మళ్ళీ అరుగు మీద అందరూ కూర్చున్నారు. ఈసారి నేను నిలబడి చెప్పాను. బోదెకు నాలుగున్నర గంటలు తీసేయాలి. మిగిలినవి తొంభై ఒకటిన్నర. ఎకరానికి అయిదు గంటల నలభై మూడు నిమిషాల ఏడున్నర సెకన్లు. నీళ్ళు ముందు చివరికి పోవాలి. వినడానికి వికారంగా ఉంది, ఎవరూ తొడ చరచలేదు. వీరయ్య బాబాయి ఊరుకోలేదు. "బోదెకు వాటా ఏంటే? దాని పేరున పట్టా ఉందా? శిస్తు కడుతుందా?" అన్నాడు. అంతవరకూ చుట్ట కాలుస్తూ ఉన్న తాతయ్య, "నీకు పట్టా ఉంది కదరా వీరయ్యా. ఆ కాగితం పొలంలో పిండుకో, నీళ్ళొస్తాయేమో," అన్నాడు. పదిమంది నవ్వితే పదకొండోవాడు ఏం చేస్తాడు. ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నవాడు మళ్ళీ మాట తప్పలేదు. అది కూడా రాయాలి.

తలా ఒక మోపు నారు ఇచ్చారు. మస్తాన్‌బీ మడిలో మళ్ళీ నాటాం, రెండు రోజులు, ఆవిడతో పాటు నేను. "వంకర పోతున్నావే లెక్కలపిల్లా, ఒక గీత గీసుకో," అని వెనక నుంచి సన్నగా అంటూనే ఉంది. ముదిరిన నారు, అదను దాటిన ఊడుపు. మామూలుగా పన్నెండు బస్తాలయ్యే మడిలో ఆ ఏడు ఏడే అయ్యాయి. తగ్గిన ఆ అయిదు బస్తాలూ నావి. ఆ తర్వాత ఎవరికి ఏ లెక్క ఇచ్చినా, ఇందులో బోదె ఎక్కడుంది అని మొదట వెతుక్కుంటాను. ఇటుకల లెక్కలో అది విరిగే ఇటుక. ట్యాంకు లెక్కలో అడుగున మిగిలే నీళ్ళు. ఎక్కడో ఒకచోట ఉంటుంది. కనపడలేదంటే లేదని కాదు, ఎవరో చివరి మనిషి దాన్ని మోస్తున్నాడని.

కిరణ్‌తో ఇవన్నీ చెప్పలేదు. "బాబూ, పైపులు వేసేశారు కదా. ఒకసారి చివరి కుళాయి దగ్గర నిలబడదాం రా," అన్నాను. చివరి వాల్వు మురుగు కాలువ అవతల ఉంది. అక్కడ ఉన్నది ఒకటే ఇల్లు, మస్తాన్‌బీది. ఇప్పుడావిడకు ఎనభై దాటాయి. మడి ఇంకా ఉంది. వరి మానేసి ఆకుకూరలు వేస్తోంది. ఆ ఒక్క ఇంటికి వెళ్ళే పైపు పొడవు మిగతా ఇళ్ళ పైపులన్నీ కలిపినంతలో సగం ఉంటుంది. ఆ దారి మెరక. మోటారు ఆగినప్పుడల్లా అందులో నీళ్ళు వెనక్కి జారిపోతాయి. ముందు మొదటి వాల్వు దగ్గర పదిహేను నిమిషాలు పట్టి చూశాం, పెద్ద డ్రమ్ములు ఆరు నిండాయి. ఇక్కడ వాల్వు తెరిచి కిరణ్ ఫోనులో నిమిషాలు చూస్తున్నాడు. ముందు బుస్సుమని గాలి వచ్చింది. చాలాసేపు గాలే వచ్చింది. మస్తాన్‌బీ నులకమంచం మీద నుంచి, "ఏం నాయనా, ఫ్యాను బిగించారా?" అంది. పదకొండు నిమిషాలకు నీళ్ళొచ్చాయి. పదిహేనుకు ఆగిపోయాయి. డ్రమ్ము ఒకటీ పావు.

కిరణ్ మొహం వాడిపోయింది. మంచివాడే, అబద్ధమాడలేదు. "ఆ పదకొండు నిమిషాలు ఎవరికీ పెట్టలేమండీ. సిస్టమ్‌లో యూజర్లకే టైమ్ ఇవ్వగలం. పైపుకి యూజర్ నంబరు ఉండదు కదండీ," అన్నాడు. వీరయ్య బాబాయి గొంతు నా చెవిలో అచ్చంగా వినిపించింది. నలభై ఏళ్ళలో పట్టా నంబరయింది, అంతే తేడా. అక్కడే గోడ మీద బొగ్గుతో రాసి చూపించాను. నాలుగు వందల ఎనభైలో పదకొండు పోతే నాలుగు వందల అరవై తొమ్మిది. ముప్పై రెండుతో భాగిస్తే పద్నాలుగు నిమిషాల ముప్పై తొమ్మిది సెకన్లు. పొద్దున మోటారు ఆడగానే చివరి వాల్వు ముందు తెరవాలి, పైపు నిండాక ఆవిడ వంతు మొదలుకావాలి. ఒక్కో ఇంటికి తగ్గేది ఇరవై ఒక్క సెకన్లు.

సాయంత్రానికి వీరయ్య బాబాయి కొడుకు ప్రసాదు వచ్చాడు. నీళ్ళ కమిటీకి ఇప్పుడు అతనే ప్రెసిడెంటు. నన్ను అక్కా అంటాడు, ఆ పిలుపులో ఎప్పుడూ లోటు చేయడు. "అక్కా, సోమవారంలోగా కాగితాలు వెళ్ళకపోతే మన ఊరు వెనక వరసలోకి పోద్దంట. మార్పులంటే మళ్ళీ మొదటికొస్తారు. ఇరవై ఒక్క సెకన్ల కోసం స్కీము ఆపుతావా?" అన్నాడు.

"ఇరవై ఒక్క సెకన్లు ఇవ్వలేక స్కీము ఆపుతున్నది నువ్వా, నేనా?"

"అది కాదక్కా. ముప్పై ఒక్క ఇళ్ళకి నీళ్ళొస్తాయి కదా. ఆ ఒక్క ముసలమ్మకి కావాలంటే నేనే రోజూ ట్యాంకరుతో రెండు డ్రమ్ములు పోయిస్తాను."

"పోయించు. అది నీ దయ. ఆవిడకు రావలసింది దయ కాదురా, వాటా. నీ దయ నువ్వు ప్రెసిడెంటుగా ఉన్నన్నాళ్ళే ఉంటుంది."

అతను లేచి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పాలకేంద్రం దగ్గర నాతో మాట్లాడేవాళ్ళు తగ్గారు. ఒకావిడ నాకు వినపడేలాగే, "చదువుకోని వాళ్ళకి లెక్కలొస్తే ఇదే బాధ," అంది. నిజమే. చదువుకున్నవాళ్ళకు కాగితం మీద తేలితే చాలు. నాకు గట్టు మీద తేలాలి.

ఆ రోజులే బాగుండేవని నేను అనను. నాయనమ్మ మెడ వంకర పోయింది బిందెలు మోసే. బోదె నీళ్ళు తాగి మా ఇంట్లో మంచం పట్టని వానాకాలం లేదు. చిల్లగింజతో మట్టి పోతుంది గానీ రోగం పోదు. ఇప్పుడు పైపులో రాబోయే నీళ్ళు వడగట్టినవి, ఆడవాళ్ళ నెత్తిన బరువు ఉండదు, మోటారుకు కరెంటు బిల్లు ఉండదు. పాతదాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకోవడానికి నేను దీన్ని రాయడంలేదు. ఇంత తెలివైన మోటారు, ఇంత తెలివైన ట్యాబు, మడమతో మట్టి నొక్కి చూసిన ఒక పొట్టి మనిషికి తెలిసింది ఎందుకు నేర్చుకోవని అడగడానికి రాస్తున్నాను. ఆయనకు నిమిషాలు తెలియవు. నీళ్ళు కొంత దారే తాగేస్తుందని తెలుసు, ఆ తాగింది అందరి మీదా పడాలని తెలుసు. దానికి సాఫ్టువేరులో గడి లేకపోతే గడి పెట్టాలి. గడి లేదని మనిషిని తీసేయకూడదు.

ఆదివారం పొద్దున మస్తాన్‌బీ దగ్గరికి వెళ్ళాను. తోటకూర కడుతోంది. ఊరంతా ఏమనుకుంటోందో ఆవిడకు చేరింది.

"పెట్టేయవే సంతకం. నేనింకా ఎన్నాళ్ళుంటాను? నా కోసం ఊరితో పేచీ ఎందుకు?" అంది.

"నీ కోసం కాదత్తా. చివరి కుళాయి కోసం. నువ్వు పోయినా అది అక్కడే ఉంటుంది. దాని దగ్గర ఇంకెవరో ఉంటారు."

తోటకూర కట్టను కాసేపు చేతిలో తిప్పింది. "నేను పోయాక కూడానా? అబ్బో, దూరం ఆలోచించావు," అంది. తర్వాత కట్టకు పురి వేసి ముడేసింది. "అయితే పెట్టకు." ఆ కట్ట నా చేతిలో పెట్టింది. పచ్చగా, వేళ్ళకు తడిమట్టితో ఉంది. ఇద్దరికీ ఒకటే గుర్తొచ్చిందని నాకు తెలుసు.

సోమవారం వచ్చింది, వెళ్ళింది. కమిటీ వాళ్ళు మా ఇంట్లో వదిలి వెళ్ళిన ఆ కాగితాన్ని నేను చింపలేదు, దాచలేదు. పాత ఇల్లు పడగొట్టి కట్టుకున్నప్పుడు వసారా దూలాన్ని కొత్త ఇంట్లో కూడా వేయించుకున్నాను. నాయనమ్మ ఆ వరికట్ట తగిలించిన మేకు దానికి ఇంకా ఉంది. కాగితాన్ని ఆ మేకుకే గుచ్చాను. సంతకం చోటు ఖాళీగా ఉంది. పక్కన నా లెక్క రాసి పెట్టాను, ముప్పై రెండు ఇళ్ళ కింద ఇంకో గీత గీసి, ముప్పై మూడో పేరుగా పైపు, దాని ఎదురుగా పదకొండు నిమిషాలు. కావలసినవాళ్ళు వచ్చి చూసుకోవచ్చు, తలుపు పొద్దున్నే తీస్తాను. ఆ ముప్పై మూడో గీత వాళ్ళ కాగితంలో కనిపించిన రోజు సంతకం పెట్టడానికి నాకు అర నిమిషం పట్టదు. పెన్ను దూలం పక్కన గూట్లోనే ఉంది.